డేటా శుద్ధి మహోత్సవం

మనిషికి చిత్తశుద్ధి కలిగించే మార్గాలు రెండే ఉన్నాయని పెద్దలు చెబుతూ వచ్చారు. ఒకటి తీర్థయాత్ర, రెండోది మౌనవ్రతం. పెద్దలు పొరబడ్డారు. ఆ రెండింటి ఫలాన్నీ కూర్చున్న కుర్చీ దగ్గరికే తెచ్చి ఇచ్చే మూడో మహత్కార్యం ఒకటి ఉంది. దాని పేరు సాఫ్ట్‌వేర్ మైగ్రేషన్!

నవ్వకండి. పాతికేళ్ళుగా గుట్టుగా పనిచేసుకుంటున్న పాత సాఫ్ట్‌వేర్‌ను పెరికివేసి, దాని కడుపులోని సమస్తాన్నీ కొత్త ప్లాట్‌ఫామ్ మీదికి తరలించడం సామాన్యమైన యాగం కాదు. అదీ దుకాణం మూయకుండా! క్లయింటుకు ఒక్క పూట కూడా లోటు రాకుండా! వడ్డన సాగుతూ ఉండగానే, తింటున్నవాళ్ళ ముందు నుంచి విస్తరాకులు లాగి కొత్తవి పరచినట్టన్నమాట. సాంబారు ఒలికితే ఒలకవచ్చు. కానీ ఆకు ఎంత కొత్తగా నిగనిగలాడుతోందో చూశారా?

తమిళనాడు ఆరణిలో ఒక బియ్యపు మిల్లు ఉంది. అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ ప్రతి వడ్ల మూటకూ పుట్టినతేదీ అడిగింది. తేదీ ఇవ్వనిదే మూట కదలదు. మిల్లు యజమాని ఆ వివరం సేకరించడం కోసం, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారిగా, రైతుల పక్కన అరుగు మీద కూర్చుని మాట్లాడాడు. ఏ సంస్కర్త వల్ల అయింది ఈ పని?

పళ్ళిపట్టులో ఒక ఎరువుల వ్యాపారి సంగతి ఇంకా రమ్యం. ఆయన స్క్రీన్ మీద మూడు రోజుల పాటు ఒక చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన కన్నార్పకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు డాక్టరు ఆయన రక్తపోటు చూసి, ధ్యానం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడట!

అయినా ఈ మహత్కార్యపు సంపూర్ణ ఫలం దర్శించాలంటే తిరుత్తణికి రావాలి. వస్తూ వస్తూ దారిలో మణవాళనగర్‌లో దిగి, స్టేషను రోడ్డు పక్క మేడ మీద ఉన్న ఒక గదిలోకి తొంగిచూడాలి. ఆ గది పేరు హెడ్డాఫీసు. దానికి అధిపతి, ఉపాధిపతి, సిబ్బంది, అన్నీ విద్యాలక్ష్మే.

విద్యాలక్ష్మి ఇరవై మూడేళ్ళ వయసులో ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. కల్యాణ మండపాల బుకింగుల కోసం. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌస్ అక్కరలేని నిరాడంబర జీవనం. అది అడిగే ప్రశ్నలు ఐదే: పేరు, ఊరు, ఫోను, తేదీ, ముహూర్తం వేళ. తిరువళ్ళూరు మొదలుకొని తిరుత్తణి దాకా పదకొండు మండపాలు ఆ ఐదు ప్రశ్నల మీదనే పావు శతాబ్దం పాటు లోకానికి పెళ్ళిళ్ళు చేసిపెట్టాయి. ఎవరి పెళ్ళీ ఆరో ప్రశ్న లేక ఆగలేదు.

అదే దాని దోషం! ఐదు ప్రశ్నలతో సరిపెట్టుకునే యంత్రాన్ని ఈ కాలం ఎలా సహిస్తుంది? కొత్త కంప్యూటర్లు దాన్ని గుర్తుపట్టడం మానేశాయి. పాత కంప్యూటర్లు ఒక్కొక్కటిగా కన్నుమూశాయి. చివరికి విద్యాలక్ష్మి మనసు రాయి చేసుకొని, చెన్నైలోని ఒక కంపెనీ వారి క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌కు స్థానిక భాగస్వామిగా చేరింది. తాను కన్నబిడ్డను తన చేతులతోనే పంపించి, ఆ స్థానంలో దత్తపుత్రుణ్ణి కూర్చోబెట్టే ఒప్పందం అది.

దత్తపుత్రుడికి అరవై నాలుగు ప్రశ్నలు! వధూవరుల అభిరుచులు, అతిథుల సగటు వయసు, భోజనాల పట్ల వారి దృక్పథం. సంతకాల చోట ఓటీపీలు. మండపం గేటు మీద వెలిగే డిజిటల్ బోర్డు కూడా ప్లాట్‌ఫామ్ ఆజ్ఞ ప్రకారమే వధూవరుల పేర్లు చూపుతుంది. కంపెనీ ప్రతినిధి హర్షవర్ధన్ ఈ వైభవాన్నంతా వర్ణిస్తున్నంతసేపూ విద్యాలక్ష్మి తల ఊపుతూనే ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం, “సార్, పెళ్ళి ఎప్పుడో అడుగుతుందా?” అని అడిగింది.

“నలభై ఒకటో ఫీల్డ్ మేడమ్,” అన్నాడు అతను గర్వంగా.

పది మండపాలు తరలిపోయాయి. పదకొండోది, అన్నిటికన్నా పాతది, తిరుత్తణిలో జనార్ధనం గారి మండపం. ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఆ నెలలోనే మైగ్రేషన్ అని నిర్ణయమైంది. ఆ మేరకు బుద్ధిమంతమైన పనే. అయితే ఆడి మాసంలోనూ ఏ రోజు అన్నది హర్షవర్ధన్ తన చార్టు చూసి నిర్ణయించాడు. ఆ చార్టులో కొండ మీది మురుగన్ పండుగ ఆడి కృత్తిక లేదు!

కాబట్టి, లోకంలోని కావళ్ళన్నీ తిరుత్తణి వీధుల్లో ఉన్న రోజున, ఊళ్ళో ఉన్న ప్రతి ఫోనూ ఒకేసారి ఇంటికి ఫోటో పంపుతున్న వేళ, మండపం డేటా క్లౌడ్‌కు బయలుదేరింది. ఒకవైపు భక్తులు మెట్లెక్కుతున్నారు. మరొకవైపు రికార్డులు మేఘమండలానికి ఎక్కుతున్నాయి. భక్తులే ముందు చేరారు.

ఎక్కే ముందు స్నానం ఉంటుంది కదా, దాన్నే డేటా శుద్ధి అంటారు. అశుద్ధమైన రికార్డులను ప్లాట్‌ఫామ్ ఎర్రరంగులో చూపుతుంది. విద్యాలక్ష్మి మండపం ఆఫీసు గదిలో కూర్చుని, బయట మోగుతున్న మేళాల మధ్య, ఆ ఎర్ర జాబితా చదవసాగింది. మొదటి పేరు దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది.

పేరు: మురుగన్. ఊరు: కొండ మీద. ఫోను: సున్న.

ఆమెకు నవ్వొచ్చింది. ఇది తన చేతిరాతే! ఇరవై నాలుగేళ్ళ కిందట ఇదే గదిలో, మండపం గుమాస్తా వల్లియమ్మకు బుకింగు ఎలా చేయాలో నేర్పుతూ, మొదటి ఎంట్రీ కాబట్టి దేవుడి పేరుతో మొదలుపెట్టింది. ఈ ప్రాంతంలో చీటీ రాసినా పైన పిళ్ళయార్ చుళి, అంటే వినాయకుడి సుడి, పెట్టనిదే కలం సాగదు కదా. అది టెస్ట్ ఎంట్రీ. ఉత్తుత్తి బుకింగు.

జాబితా కిందికి జరిపింది. నవ్వు మాయమైంది. మురుగన్ ఒక్కసారి కాదు, నూట పదకొండు సార్లు ఉన్నాడు! ఇరవై నాలుగేళ్ళుగా, ఏటా నాలుగైదు మంచి ముహూర్తాల్లో ఆయన ఈ మండపం పట్టుకున్నాడు. రాబోయే రోజుల్లో మరో ఐదు తేదీలు ఆయన పేరనే ఉన్నాయి. అన్నిటికీ ఫోను సున్న.

ఇక్కడ ఒక సాంకేతిక నిపుణురాలి మనోధర్మాన్ని మీరు అర్థం చేసుకోవాలి. ఆ పక్క బల్ల దగ్గరే వల్లియమ్మ కూర్చుని కావడి భక్తులకు మజ్జిగ గ్లాసులు లెక్కపెట్టి పంపుతోంది. ‘అక్కా, ఇదేమిటి?’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. విద్యాలక్ష్మి అడగలేదు. తన ప్రోగ్రాములో ఎక్కడో బగ్ ఉందనీ, టెస్ట్ ఎంట్రీని అది పాతికేళ్ళుగా దానంతట అదే తిరిగి తిరిగి రాసుకుంటోందనీ ఆమె అనుకుంది. ఎంత సిగ్గుచేటు! ఎవరూ చూడక ముందే నూట పదకొండు రికార్డులతో పాటు ఆ ఐదింటినీ ఎంపికచేసి డిలీట్ నొక్కింది.

‘అభినందనలు! మీ డేటా నూటికి నూరు శాతం శుద్ధం,’ అన్నది ప్లాట్‌ఫామ్.

ఆహా! ఇంతటి మాట మన ఆప్తులు ఎవరైనా ఎన్నడైనా మనతో అన్నారా?

శుద్ధి ఫలం వెంటనే కనిపించింది. ఖాళీ అయిన ఐదు తేదీలూ లోకానికంతటికీ తెరుచుకున్నాయి. మూడు రోజుల్లో ఐదూ నిండిపోయాయి. జనార్ధనం గారు తన ఫోనులో ఆ పచ్చ గుర్తులు చూసుకొని, “చూస్తివా విద్యమ్మా, ఇన్నాళ్ళూ యాడ దాక్కోనుండాయి ఇవన్నీ!” అని మురిసిపోయారు.

నాలుగో రోజున విద్యాలక్ష్మి, వల్లియమ్మకు ట్యాబ్లెట్ వాడటం నేర్పడానికి మళ్ళీ తిరుత్తణి వచ్చింది. ఆమెను చూడగానే మండపం కాపలాదారు ఆరుముగం పళ్ళెంలో తాంబూలం, పైన ఒక పెళ్ళి పత్రిక పెట్టుకొని వచ్చాడు. అంచులకు పసుపు ఇంకా తడిగా ఉంది.

“మా కూతురు దీపిక పెండ్లి అమ్మా. మాప్పిళ్ళ, కాబోయే అల్లుడు, ఆరణి పక్క. గుణ అని, బంగారం లాంటి పిల్లోడు. మీరు తప్పకుండా రావాల. ఎవురి పెండ్లికీ నేను లోపల కూర్చోలేదు, గేటు కాడే నిలబడినాను. ఈ ఒక్కదానికి లోపల కూర్చుంటా.”

విద్యాలక్ష్మి పత్రిక చదివింది. ఆడి తరువాతి నెల, ఆవణి పందొమ్మిది. స్థలం ఈ మండపమే. ఆమె ట్యాబ్లెట్‌లో ఆ తేదీ చూసింది. ఆ రోజు నిండి ఉంది. ఆరుముగం పేరు మాత్రం లేదు.

అప్పటికే వల్లియమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆ తెరను వేలితో అటూ ఇటూ తోస్తోంది.

“విద్యా పాపా, ఆవణి పందొమ్మిదిలో మా సామి కనపడ్డం లేదే. యాడికి పోయినాడు?”

“ఏ సామి అక్కా?”

“కొండ మీద సామి. నువ్వు పెట్టిన సామే గదా!”

విద్యాలక్ష్మి గొంతు తగ్గించింది. “అక్కా, అది టెస్ట్ ఎంట్రీ. నేర్పేదానికి ఉత్తగా వేసినది. ప్రోగ్రాములో తప్పుండి అన్నిసార్లు వచ్చిందనుకొని తీసేసినాను.”

వల్లియమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “అది టెస్టని నాకు తెలియదనుకుంటివా? మర్నాడే ఫోన్ చేసి ‘అక్కా, దాన్ని తీసెయ్యండి’ అంటివి. సామి పేరు తీసేదానికి చెయ్యి రాలా. రేపు తీస్తాం, మాపు తీస్తాం అని ఉంచితి. ఆ ముగూర్తానికి ముందురోజు పొద్దున పళ్ళిపట్టు బస్సు దిగి ఒక పిల్లా పిల్లోడూ, వాళ్ళ ముసిలోళ్ళూ వచ్చి నిలబడినారు. వాళ్ళు మాట్లాడుకున్న సత్రం ఓనరింట్లో చావుపడి తాళం ఏసినారంట. ఊరంతా తిరిగినారు, యాడా చోటు లేదు. నేను అయ్యతో ఏమి చెప్పేది? ‘కంప్యూటర్లో సామి పేరున ఉండాది అయ్యా, సామి వీళ్ళకి ఇచ్చుకున్నాడు’ అంటి. అయ్య నా మాట నమ్మడు, ఆయన పెండ్లాం మాటా నమ్మడు. కంప్యూటర్ మాట నమ్ముతాడు. సరే అనేసినాడు.”

“అప్పటినుంచీ ఏటా మీరే వేస్తా ఉండారా?”

“సీజనుకొకటి. ఎవురో ఒకరు వస్తారు పాపా. రాని ఏడు లేదు. ఈ తూరి మన ఆరుముగం. చిత్తిర నెలలోనే చెప్పినాను, నీ పేరుకు మార్చేదా అని. వీడే వద్దన్నాడు.”

“నా పేరు కంటే ఆయన పేరు భద్రం గదమ్మా,” అన్నాడు ఆరుముగం. తరువాత చాలా మర్యాదగా అడిగాడు. “ఏంది, సామికి ఓటీపీ రాలేదా?”

పాఠకులారా, ఇరవై నాలుగేళ్ళ పాటు ఒక ఊరి దయాధర్మం ఒక టెస్ట్ ఎంట్రీలో తలదాచుకుంది. దాన్ని కనిపెట్టి వెళ్ళగొట్టగల శక్తి కలియుగానికి సైతం లేకపోయింది. డేటా శుద్ధికి మాత్రం మూడు సెకన్లు పట్టింది. దీన్ని పురోగతి అనకపోతే ఇంకేమంటారు?

విద్యాలక్ష్మి ఫోను అందుకుంది. మిగిలిన పది మండపాలకూ వరసగా ఫోన్లు చేసింది. ఆవణి పందొమ్మిది అన్నిచోట్లా నిండిపోయి ఉంది. పెళ్ళికి ఇక ఐదు వారాలు. మూడువందల పత్రికలు పంచేశారు. ఇప్పుడు చోటు లేదంటే ఆరుముగం కూతురి పెళ్ళి రోడ్డు మీద జరగాలి. అదీ ఆ తండ్రి పాతికేళ్ళుగా తాళం తీసిన గేటు ఎదురుగానే!

ఆ తేదీని ఎవరు బుక్ చేశారో, కనీసం వాళ్ళ కాళ్ళయినా పట్టుకుందామని ఆమె వివరాలు తెరిచింది. వరుడి పేరు టెస్ట్. వధువు పేరు టెస్ట్. ఫోను: పది తొమ్మిదులు.

ఆమె హర్షవర్ధన్‌కు ఫోన్ చేసింది.

“ఓ, అదా మేడమ్! మా టీమ్ వాళ్ళు లైవ్‌లో ఒక టెస్ట్ బుకింగ్ వేసి చూసుంటారు. సక్సెస్ అయింది కదా?”

“చాలా బాగా అయింది సార్. ఇప్పుడు దాన్ని తీసెయ్యండి.”

“కన్ఫర్మ్ అయిన బుకింగ్‌ను మేము తీయలేం మేడమ్. కస్టమర్ హక్కులు. కస్టమరే క్యాన్సిల్ చేసుకోవాలి.”

“కస్టమర్ ఎవరు సార్?”

“మిస్టర్ టెస్ట్.”

“ఆయన ఎట్లా క్యాన్సిల్ చేసుకుంటాడు?”

“ఆయన నంబర్‌కు ఓటీపీ వెళ్తుంది. అది ఎంటర్ చేస్తే చాలు, చాలా సింపుల్.”

“ఆ నంబర్ ఎవరిది?”

“ఎవరిదీ కాదు మేడమ్. అందుకే కదా టెస్ట్‌కు వాడేది!” తన కంపెనీ జాగ్రత్తకు తానే ముగ్ధుడై అతను అన్నాడు. “ఒక టికెట్ రైజ్ చేయండి.”

టికెట్ పెట్టింది. మీ సమస్య మాకు ఎంతో ముఖ్యమని నిమిషంలో జవాబు వచ్చింది. రెండు రోజుల తరువాత రెండో జవాబు వచ్చింది. ‘కస్టమర్ శ్రీ టెస్ట్ గారిని సంప్రదించడానికి మూడుసార్లు ప్రయత్నించాము. వారు స్పందించనందున మీ టికెట్ పరిష్కారమైనట్టుగా ముగిస్తున్నాము. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

విద్యాలక్ష్మి జనార్ధనం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వ్యాపారస్థుడు. దుర్మార్గుడు కాదు. ఆ రెండింటి మధ్యనున్న సన్నని గట్టు మీద అరవై ఏడేళ్ళుగా కాలు జారకుండా నడిచిన మనిషి.

“అయ్యా, ఆ బుకింగు ఉత్తది. అట్లాంటి మనిషే లేడు. ఆరుముగానికి ఇచ్చేద్దాం.”

“లేడని నువ్వు చెప్తా ఉండావు. కంప్యూటర్లో ఉండాడే! రేపు ఆ టెస్టు అనే ఆయన బంధువులందర్నీ వేసుకొని వచ్చి గేటు కాడ నిలబడితే నేనేమి చెప్పేది? కంపెనీ వాళ్ళు మన మండపాన్ని లిస్టులో నుంచి తీసేస్తారని కాగితంలో రాసుండాది. నువ్వే గదమ్మా సంతకం చేయిస్తివి.”

“అయ్యా, ఆరుముగం మీకాడ పాతికేండ్లుగా...”

“వాడు నా మనిషే. నేను లేదంటినా?” ఆయన తల తిప్పుకున్నారు. “కంప్యూటర్‌ను ఒప్పించు. నేను అడ్డం రాను.”

కంప్యూటర్‌ను ఒప్పించాలి! ఒకప్పుడు ఆ యంత్రానికి ఆమె తల్లి. ఇప్పుడు అర్జీదారు. మణవాళనగర్ మేడగదిలో ఆమె ఆ అరవై నాలుగు ఫీల్డులూ ఒక్కొక్కటే తట్టి చూసింది. పేరు మార్చబోయింది, కుదరలేదు. తేదీ మార్చబోయింది, కుదరలేదు. అతిథుల దృక్పథం కూడా తాళం వేసి ఉంది. అరవై రెండు తలుపులు మూసి ఉండగా, అరవై మూడోది చప్పుడు లేకుండా తెరుచుకుంది. ‘కస్టమర్ తరఫున స్థానిక ప్రతినిధి: పేరు, బంధుత్వం.’

ఆమె ‘ఆరుముగం’ అని టైపు చేసింది. బంధుత్వం దగ్గర ఆగి, అతనికే ఫోన్ చేసింది.

“ఆరుముగం, మిస్టర్ టెస్ట్‌కు నువ్వు ఏమవుతావు?”

“పిల్లనిచ్చేవాణ్ణి గదమ్మా. మామనే అవుతాను.”

మర్నాడు జనార్ధనం గారు తెర మీద ఆ వరస చూశారు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. “ఓరి ఆరుముగం! ఇంత పెద్దింటి సంబంధం అని నాతో చెప్పనే లేదే!” అన్నారు. ఆ ముఖంలో నవ్వు ఉందో లేదో విద్యాలక్ష్మికి అంతుపట్టలేదు. ఆయన మాత్రం సరే అన్నారు.

ఇక ఆవణి పందొమ్మిది. ఉదయం ఏడున్నరకు ముహూర్తం. ఆరు గంటలకే మండపం కళకళలాడుతోంది. నాదస్వరం వాళ్ళు వచ్చేశారు, ఇడ్లీల ఆవిరి లేచింది, దీపిక కొత్తచీర మడతలతో కుస్తీపడుతోంది. ఆరుముగం పట్టంచు పంచె కట్టుకొని, గేటు దగ్గర నిలబడకూడదని ఒట్టుపెట్టుకుని, ప్రతి రెండు నిమిషాలకూ గేటు దగ్గరికి వస్తున్నాడు.

పెళ్ళికొడుకు వ్యాను వచ్చింది. గేటు దగ్గర నెమ్మదించింది. తరువాత ముందుకు సాగిపోయింది!

కాసేపటికి అదే వ్యాను ఎదురు దిశ నుంచి వచ్చింది. మళ్ళీ నెమ్మదించింది, మళ్ళీ పోయింది. విద్యాలక్ష్మి పరుగున బయటికి వచ్చి తలెత్తి చూసింది. గేటు మీద ఎర్రటి, పచ్చటి వెలుగులతో డిజిటల్ బోర్డు ప్రకాశిస్తోంది: ‘టెస్ట్ వెడ్స్ టెస్ట్.’

ఆరుముగం ఒక చేత్తో పంచె ఎత్తిపట్టుకొని వ్యాను వెంట పరుగెత్తాడు. కూడలి దగ్గర పట్టుకున్నాడు. లోపల నుంచి పెళ్ళికొడుకు పెద్దనాన్న తల బయటపెట్టాడు.

“ఏమప్పా, మండపం మార్చేసినారా? ఆడ ఎవురిదో ఇంగ్లీషోళ్ళ పెండ్లి జరగతా ఉండాది!”

“మనదే సంబంధీ! ఆ బోర్డుకు మన పేర్లు నోరు తిరగవు. రండి, రండి!”

వాళ్ళు వ్యాను తిప్పుకొని వచ్చేలోగా, వల్లియమ్మ స్టోర్ రూములోంచి ఒక జంబుఖానా ఈడ్చుకొచ్చింది. నాదస్వరం ఆయనా విద్యాలక్ష్మీ స్టూలు పట్టుకోగా, డోలు ఆయన ఎక్కి దాన్ని బోర్డు మీద కప్పేశాడు. మైగ్రేషన్ జరిగిన తరువాత ఆ మండపంలో ఏ యంత్రభాగమూ అంత సాఫీగా పనిచేసింది లేదు.

ముహూర్తం దాటలేదు. తాళి పడింది. ఆరుముగం మొదటి వరసలో కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం అలవాటు లేనివాడు కాబట్టి అంచు మీదనే కూర్చున్నాడు, కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరచిపోయి.

మధ్యాహ్నం భోజనాలు ముగిశాక, కస్టమర్ తరఫు స్థానిక ప్రతినిధి కోసం, ఆఫీసు బల్ల మీద ట్యాబ్లెట్ మోగింది. ‘ప్రియమైన మిస్టర్ టెస్ట్, మీ వివాహం ఎలా జరిగింది?’ వల్లియమ్మ పాయసం అంటిన వేలిని కొంగుకు తుడుచుకొని ఐదు నక్షత్రాలు నొక్కింది. వెంటనే రెండో సందేశం. ‘మీరు ధ్రువీకరించబడిన ఆదర్శ కస్టమర్. మళ్ళీ బుక్ చేయడానికి మీకు ఓటీపీ అక్కరలేదు. ఒక్క నొక్కు చాలు!’

విద్యాలక్ష్మి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. వల్లియమ్మ వైపు చూసింది. వల్లియమ్మ గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

“తై నెలలో ఏది మంచిది అక్కా?”

“ఇరవై రెండు పెట్టు పాపా. అది ముందే నిండిపోతాది, ఆ రోజే ఎవురో ఒకరు యాడా చోటు దొరక్క వస్తారు.”

తై, మాసి, పంగుని, వైగాసి. మళ్ళీ ఆవణి. ఐదు నొక్కులు.

ఇదిగో, పాఠకులారా, మైగ్రేషన్ సంపూర్ణం! ఒక్క రికార్డు కూడా దారిలో పోలేదు. పాతదాని సారమంతా కొత్తదానిలోకి చేరింది, కాకపోతే తలుపు తట్టి కాదు, కిటికీలోంచి. చెన్నైలో చల్లని గదుల్లో కూర్చున్న ఇంజనీర్లు మనిషిని గురించి అడగదగ్గ ప్రశ్నలు అరవై నాలుగు కనిపెట్టారు. వాళ్ళ తెలివికి నమస్కారం. రేపు ఎవరో ఒకరు దిక్కుతోచక ఈ గేటు ముందు నిలబడవచ్చు, వాళ్ళకోసం ఒక చోటు ఉంచండి అని రాసుకోవడానికి మాత్రం వాళ్ళకు ఒక్క గడి దొరకలేదు. అంచేత తిరుత్తణిలో కరుణ ఇప్పుడు మారుపేరుతో, దొంగ ఫోను నంబరుతో, చట్టానికి భయపడుతూ బతుకుతోంది. అంతమాత్రాన సాంకేతికతను నిందించకండి. మారుపేరుతోనైనా బతకనిచ్చింది కదా!

ఆ సాయంత్రం జనార్ధనం గారు గదిలోకి వచ్చి, అలవాటుగా డాష్‌బోర్డు చూసి, కనుబొమలు పైకెత్తారు.

“వల్లియమ్మా, ఈ టెస్టు అనే ఆయన మళ్ళీ అయిదు తేదీలు పట్టినాడే! ఎంతమంది బిడ్డలు ఆయనకు?”

వల్లియమ్మ తల ఎత్తకుండా తాంబూలపు సంచులు సర్దుతూనే ఉంది.

“శానా పెద్ద కుటుంబం అయ్యా. ఎవురు యాడుండారో, ఎప్పుడు వచ్చి దిగుతారో మనకు తెలీదు.”

జనార్ధనం గారు ట్యాబ్లెట్‌ను బోర్లించి బల్ల మీద పెట్టారు.

“అయితే గేటు తాళంచెవి ఆరుముగం కాడే ఉండనీ,” అన్నారు.